తలుపు తెరవబడలేదు: పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రం తయారుచేసే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మీరెవరో నాకు తెలియదు. తెలియకూడదన్నదే నియమం కూడానూ. ప్రశ్నపత్రం ఎవరి చేతిలో తయారవుతుందో గుట్టుగా ఉండాలి కాబట్టి మీకు ఉత్తరం రాద్దామంటే చిరునామా లేదు. ఇలా నలుగురి ముందు రాస్తే ఎక్కడో ఒకచోట మీ కంట పడకపోదని ఆశ.

నేను విజయనగరానికి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టారిని. ఇరవై రెండేళ్ళుగా పదో తరగతికి చెబుతున్నాను. సిలబస్ ఎక్కువైందని మొర పెట్టుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పేపరు కష్టంగా ఇచ్చారన్న తగాదా అసలే లేదు. నిజం చెప్పాలంటే మీ పేపరు మరీ సులువు. ఆ సులువు మా తరగతి గదిలో ఏం చేస్తోందో మీకు చెప్పాలనిపించింది.

సంక్రాంతి సెలవులు వెళ్ళాక మా పని తీరు మారిపోతుంది. పాఠాలు అయిపోయి ఉంటాయి, ఇక పునశ్చరణ. పొద్దున్న మంచు విడవకముందే పిల్లలు స్వెట్టర్లలో వచ్చి వరండాలో కూర్చుంటారు. మొదటి గంట మాది. లెక్కల మాస్టారికీ సైన్సు టీచరుకీ ఎక్కువ గంటలు కావాలి కాబట్టి తెలుగుకి దొరికేది ఆ మంచు గంటే. చదివిన కథలు, పద్యాలు మళ్ళీ తిరగేయాలి. అలంకారాలు, ఛందస్సు, ప్రక్రియల పేర్లు గట్టి చేయాలి. హెచ్చెం గారి బల్ల మీద ఒక చార్టు ఉంటుంది: ఏ పిల్లవాడు ఏ ప్రశ్నలో ఎన్ని మార్కులు పోగొట్టుకుంటున్నాడో ఎర్ర సిరాలో. ఆ చార్టు నాకు శత్రువేం కాదు. దాని వల్ల గట్టెక్కిన పిల్లల్ని చూశాను.

ఆ గంటలో నేను చేసే పని ఒకటి దాపరికం లేకుండా చెబుతాను. మీరు ఒక వృత్త పద్యపాదం ఇచ్చి, గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి, ఏ పద్యమో రాయమంటారు. మా పిల్లలు అక్షరాలు లెక్కపెడతారు. 19 వస్తే శార్దూలం. 21 వస్తే చంపకమాల. 20 వస్తే మొదటి అక్షరం ఒక్కటి చూస్తారు: గురువైతే ఉత్పలమాల, లఘువైతే మత్తేభం. పేరు తేలాక మసజసతతగ అనో భరనభభరవ అనో కంఠతా వచ్చిన గణాల వరస కింద వేసి, ఆ గణాలను బట్టి పైన గురులఘువుల గుర్తులు పెట్టుకుంటూ పోతారు. అంటే లెక్క కింది నుంచి పైకి చేస్తారు. జవాబు ముందు, కారణం తరవాత. పద్యం పెదవి మీదికి రానక్కర్లేదు. ఆ పాదం పోతనదో తిక్కనదో, అందులో ఏనుగు మొసలి నోట చిక్కిందో ద్రౌపది ఏడుస్తోందో తెలియనక్కర్లేదు. మార్కులు పూర్తిగా పడతాయి.

ఈ చిట్కా వాళ్ళకి చెప్పింది గైడు కాదు, నేనే. ఏటా జనవరిలో నల్లబల్ల మీద నాలుగు గళ్ళు గీసి మరీ చెబుతాను.

అలంకారాలకు ఇంకో చిట్కా ఉంది. ‘వలె, లా, పోలె’ కనిపిస్తే ఉపమ. ‘అనే, అనెడి’ కనిపిస్తే రూపకం. ‘ఏమో, కాబోలు’ కనిపిస్తే ఉత్ప్రేక్ష. చాలామందికి ఇది పనిచేస్తుంది, ఎందుకంటే మీరిచ్చే ఉదాహరణలు చాలావరకు పుస్తకంలోవే. ‘ఆమె ముఖం చంద్రబింబం వలె అందంగా ఉంది’ అని మేం చదువుకున్న రోజుల్లోనూ అడిగారు, మా పిల్లల పిల్లల్నీ అడుగుతారు కాబోలు. (చూశారా, ఇది ఉత్ప్రేక్ష కాదు. చిట్కా ప్రకారం మాత్రం అవును.) ఒక ఏడు స్లిప్ టెస్టులో ‘అతను అలా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు’ అన్న వాక్యం ఇచ్చి అలంకారం ఏదైనా ఉందా అని అడిగాను. సగం తరగతి ఉపమ అని రాసింది. ఎందుకురా అంటే, ‘అలా’లో ‘లా’ ఉంది కదా మాస్టారూ అన్నారు. నవ్వాను గానీ ఇంటికి వెళ్ళేదాకా ఆ మాట నన్ను వదల్లేదు. వాళ్ళు తప్పు చేయలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేశారు.

ఇక మాకు చిట్కాలు లేని రోజులు కూడా ఉంటాయి. ప్రీఫైనల్ అయిపోయి, మార్కుల చార్టు ఇంకా తయారవక, ఎవరూ ఏమీ అడగని రెండు మూడు రోజులు ఏటా దొరుకుతాయి. అవే నా పండగ. కిందటి ఏడు అలాంటి ఒక రోజున అలంకారాల పేజీ మూయించి, మీ ఇంట్లో మనిషి గురించి ఒక మాట చెప్పండి, ‘లా’ వాడకూడదు అన్నాను. ఒక పిల్ల లేచి ‘మా అమ్మ చెయ్యి గోగునార మాస్టారూ’ అంది. మా పక్క ఊళ్ళలో ఇప్పటికీ గోగు వేసేవాళ్ళున్నారు. కోసిన కట్టలు చెరువులో నానేసి, కుళ్ళాక నీళ్ళలో నిలబడి నార తీస్తారు. దాని కంపు తెలిసినవాళ్ళకి తెలుసు. ‘గోగునారలా ఉంది అంటే సరిపోదా?’ అన్నాను. కాసేపు ఆలోచించి అంది కదా: ‘గోగునారలా అంటే గరుకుగా ఉందని ఒక్కటే అవుద్ది. గోగునార అంటే నానిపోయింది, కంపు కొడతాది, అయినా తెగదు. అన్నీ వచ్చేస్తాయి మాస్టారూ.’

ఉపమకూ రూపకానికీ భేదం ఏమిటో నా బి.ఎడ్. కాలేజీలో కూడా ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు. ఉపమేయానికీ ఉపమానానికీ అభేదం చెప్పడం రూపకం అని లక్షణం వల్లించాను నేను. ఆ అభేదం అంటే ఏమిటో ఆ పిల్ల చూపించింది. పోలిక పెడితే ఏదో ఒక గుణమే దాటి వస్తుంది. పోలిక పదం తీసేస్తే వస్తువు మొత్తం దాని వాసనతో సహా వచ్చేస్తుంది. ఆ పిల్లకి మీ పేపరులో ఈ సంగతి రాయడానికి చోటెక్కడుందో వెతికాను. దొరకలేదు.

పద్యాల సంగతికి వస్తాను. ‘ఉప్పుకప్పురంబు నొక్కపోలికనుండు, చూడచూడ రుచుల జాడ వేరు’. రెండో తరగతిలోనే నోటికి వచ్చే పద్యం. దీన్ని పదో తరగతి పునశ్చరణలో వాడతానంటే మా తోటి మాస్టారొకరు నవ్వారు. నేను వాడేది ఆటవెలది చెప్పడానికి. ‘ఇనగణత్రయంబు నింద్రద్వయంబును, హంసపంచకంబు నాటవెలది’ అని లక్షణ పద్యం అందరికీ నోటికి వచ్చు. ఆ లక్షణం కూడా ఆటవెలదిలోనే ఉందన్న సంగతి మాత్రం ఏ ఏడూ ఏ పిల్లాడూ తనంతట తాను గమనించలేదు. చెబితే కళ్ళు పెద్దవి చేసుకుంటారు.

వేమన పద్యాన్ని బల్ల మీద తట్టుకుంటూ విడదీశాం. ఉప్పు, కప్పు, రంబు: మూడు సూర్యగణాలు (లక్షణంలో ‘ఇన’ అన్నది ఇవే). నొక్కపో, లికనుండు: రెండు ఇంద్రగణాలు. మరి యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరంతో కుదరాల్సిన చెలిమి? మొదటి అక్షరం ఉ, నాలుగో గణం మొదట ‘నొ’. ఇదెలా కలిసింది అని గొడవ. ‘నొక్క’లో దాక్కున్నది ‘ఒక్క’ అని, ఉకారానికి ఒకారంతో చెలిమి అని తేలాక కుదుటపడ్డారు. రెండో పాదం దగ్గర మళ్ళీ గొడవ. ‘చూ’కి ‘జా’తో యతి ఎలా కుదురుతుంది? చకారానికి జకారం చుట్టమే, కానీ ఊకారానికి ఆకారం చుట్టం కాదు. నేను చెప్పబోతుండగా కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడు, మామూలుగా నోరు విప్పనివాడు, ‘రెండో అక్షరాలు చూడండి మాస్టారూ, డా డా కలిసింది’ అన్నాడు. చూడ, జాడ. ప్రాసయతి. వాడికి ఆ పేరు తెలియదు. పేరు నేను చెప్పాను, వస్తువు వాడు తెచ్చాడు.

అక్కడితో ఆగితే అది ఛందస్సు పాఠం. వేమన ఆ రెండు మాటల్నే ఎందుకు జత కలిపాడు అని అడిగాను. చూడడం ఒకటి, జాడ పట్టడం ఇంకొకటి. కంటికి ఉప్పూ కర్పూరమూ ఒకటే, తేడా పట్టేది నాలుక. పద్యం చెప్పదలచుకున్న సంగతంతా ఆ రెండు మాటల మధ్యే ఉంది, చెవి వాటిని ముందే ముడివేసి పెట్టింది. ఛందస్సు అర్థానికి వేసిన చొక్కా అనుకునేవాణ్ణి నేను. ఆ రోజు తోలు అనిపించింది.

ఇంత జరిగాక గంట కొట్టారు. మిగిలిన ఏడు పద్యాలకు ప్రతిపదార్థాలు ఆ రోజు అప్పజెప్పించుకోలేకపోయాను. చార్టులో నా గడి ఖాళీగా ఉండిపోయింది.

ప్రక్రియల గురించి పెద్దగా చెప్పను, ఒక్క ఉదాహరణ చాలు. జాషువా గబ్బిలం 1941 నాటిది. సందేశ కావ్యం అంటే ఏమిటి అని రెండు మార్కుల ప్రశ్న వస్తుంది. ఒకరి సందేశాన్ని మరొకరికి చేరవేయమని కోరుతూ రాసే కావ్యం అని పిల్లలు రాస్తారు. కాళిదాసు మేఘాన్ని పంపాడు, జాషువా గబ్బిలాన్ని పంపాడు అని చేరుస్తారు. సరే. మరి మేఘమో హంసో చిలకో ఉండగా గబ్బిలమే ఎందుకు? గుడిలోకి రానివ్వని మనిషి తన బాధ శివుడికి చెప్పుకోవాలంటే, ఏ అడ్డూ లేకుండా గర్భగుడి కప్పుకు వేలాడగలిగిన జీవి అదొక్కటే. సందేశ కావ్యం అన్న మాటను జాషువా ఏం చేశాడో ఆ ఎంపికలో ఉంది. దీన్ని తరగతిలో అడిగితే పిల్లలు రెండు నిమిషాల్లో చెబుతారు, ఎందుకంటే వాళ్ళలో కొందరికి గుడి మెట్ల సంగతి పుస్తకం చెప్పక్కర్లేదు. మీరు అడిగితే రాస్తారు. మీరు నిర్వచనం అడుగుతారు కాబట్టి నిర్వచనం రాస్తారు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న సంగతి.

కథల పునశ్చరణలో నేను గురజాడ వారి ‘దిద్దుబాటు’ ఒకసారి చదివిస్తాను, సిలబస్‌తో పని లేకుండా. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన కథ. ‘తొలి తెలుగు కథానిక ఏది?’ అన్న బిట్టుకు మేం చెప్పించే జవాబు ఇదే. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ రాశారని చెబితే ‘మరి ఏది రాయమంటారు?’ అని అడుగుతారు. ‘దిద్దుబాటు అనే రాయండి’ అంటాను, ఎందుకైనా మంచిదని. పాపం అచ్చమాంబ గారు. గురజాడ వారి ఊరు మా ఊరికి దగ్గర, విజయనగరంలో ఆయనుండిన ఇల్లు ఇప్పటికీ ఉంది, ‘దిద్దుబాటు’లోని నౌకరు రాముడి మాట మా పిల్లల ఇళ్ళల్లో మాటే. అందుకని వాళ్ళకి ఇష్టం. రాముడి మాటలు చదివే వంతు కోసం కొట్టుకుంటారు.

కథ మొదలు మీకు గుర్తుండే ఉంటుంది. ‘తలుపు! తలుపు!’ అని పిలుపు. వెంటనే ‘తలుపు తెరవబడలేదు’ అన్న వాక్యం. తరవాత గడియారం ఒంటిగంట కొడుతుంది. ఆ రోజే మా పునశ్చరణ పట్టికలో వ్యాకరణం కింద కర్తరి (చేసినవాణ్ణి ముందు పెట్టేది), కర్మణి (చేయబడినదాన్ని ముందు పెట్టేది) వాక్యాలు ఉన్నాయి. అందుకని అక్కడ ఆపాను. ‘బడు’ ధాతువు చేరింది, కాబట్టి కర్మణి వాక్యం అన్నారు పిల్లలు. భేష్ అన్నాను. ఇక నా పాండిత్యం చూపిద్దామని, ఇలా రాయడం తెలుగు నుడికి సహజం కాదనీ, మన ఇళ్ళల్లో ఎవరూ ‘అన్నం తినబడింది’ అనరనీ, వాడుక భాష కోసం అంత పోరాడిన గురజాడ వారు కూడా పాత అలవాటు కొద్దీ ఇలా రాసి ఉంటారనీ చెప్పుకుపోయాను.

వెనక బెంచీలోంచి ఒక పిల్ల చెయ్యెత్తింది. ‘కాదేమో మాస్టారూ’ అంది. ‘తలుపు తెరవలేదు అంటే, ఎవరో లోపల ఉండి తెరవలేదని అవుద్ది కదా. ఆవిడ లోపల ఉందో లేదో మనకి ఇంకా తెలీదు. తలుపు తీసే మనిషిని చెప్పకూడదు కాబట్టి అలా రాసుంటారు.’

తరగతి అంతా నా వైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను. కథ తెలిసినవాళ్ళకి ఆ పిల్ల ఏం పట్టుకుందో చెప్పక్కర్లేదు. రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన గోపాలరావుకు భార్య కమలిని కనబడదు, ఉత్తరం ఒకటి దొరుకుతుంది. వెళ్ళిపోయిందనుకుని అతను గుండె బాదుకుంటాడు. చివరికి ఆమె ఎక్కడో లేదు, ఆ మంచం కిందే ఉంది. కథంతా ‘లోపల ఉందా, లేదా’ అన్న ఒక్క దాగుడుమూత మీద నడుస్తుంది. ఆ దాగుడుమూతకు మొదటి మూత రెండో వాక్యంలోనే పడింది. కర్తను దాచేశాడు. ఇరవై రెండేళ్ళు ఈ కథ చెప్పి, నేను దాన్ని అలవాటు పొరపాటు అనుకున్నాను. గురజాడ వారు సరిగ్గా ఇదే అనుకుని రాశారని నేను ప్రమాణం చేయలేను. కానీ కథ చదివే మనిషి అలా చదవడం న్యాయం. నేను చెప్పిన దానికంటే ఆ పిల్ల చెప్పింది కథకు దగ్గరగా ఉంది.

అయ్యా, మీ పేపరులో ఆ వ్యాకరణాంశం మీద వచ్చే ప్రశ్న ‘కింది వాక్యాన్ని కర్మణి వాక్యంగా మార్చండి’. రాముడు రావణుని చంపెను. రామునిచే రావణుడు చంపబడెను. ఎందుకు మార్చాలి, మారిస్తే ఏమవుతుంది, ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు మార్చకూడదు అన్నవి ఎవరికీ అక్కర్లేదు. గోడ మీద స్విచ్చులాంటిది అది: నొక్కితే వెలగాలి, దీపం ఎవరి కోసమో అనవసరం.

మీ తప్పులెంచడమే నా పని అనుకోకండి. మీ పేపరులో ఒక మంచి ప్రశ్న ఉంది. అపరిచిత గద్యం ఇచ్చి, కింద ‘పై పేరాకు ఒక ప్రశ్న తయారు చేయండి’ అంటారు. అది పెట్టినవారికి చేతులెత్తి మొక్కుతాను. చదివినదాన్ని ప్రశ్నించమని పిల్లల్ని అడిగే చోటు పేపరు మొత్తం మీద అదొక్కటే. దాన్ని మేం ఏం చేశామో కూడా వినండి. ‘పై పేరాలో ఎవరి గురించి చెప్పారు?’ అని అన్నిటికీ సరిపోయే ప్రశ్న ఒకటి కనిపెట్టి పిల్లలందరి నోటా పెట్టాం. ఏ పేరా ఇచ్చినా అదే. పేరా చదవకపోయినా మార్కు వస్తుంది. మీరు తలుపు కాస్త ఓరగా తెరిచారు, మేమే లోపల గడియ పెట్టాం.

మూల్యాంకనం సంగతీ ఒప్పుకోవాలి. స్పాట్ వేల్యుయేషన్‌కి నేనూ వెళతాను. ఎండాకాలం, ఫ్యాను తిరిగీ తిరగని గది, ముందు కట్టలు. ఒక ఏడు ఒక జవాబు పత్రం వచ్చింది. పాఠంలోని ఒక పాత్ర స్వభావం రాయమని ప్రశ్న. అందరూ ఉన్నతుడు, త్యాగశీలి, ఆదర్శప్రాయుడు అని వరస పెట్టి రాస్తారు, మేం గీతలు గీసిన మాటలు వెతికి మార్కులు వేస్తాం. ఆ పత్రంలో పిల్లాడు, ఈయన మంచివాడే గానీ ఇంట్లో ఆడవాళ్ళని ఒక్క మాట కూడా అడగకుండా అన్నీ దానం చేసేశాడు, వాళ్ళేం తిన్నారో కథలో లేదు అని రాశాడు. అక్షరదోషాలు నాలుగు. నేను రెండుసార్లు చదివాను. బాగుందనిపించింది. మాకిచ్చిన జవాబుల కీలో లేదు. సగం మార్కులు వేసి తరవాత పేపరు తీసుకున్నాను. ఆ పిల్లాడి నంబరు కూడా నాకు తెలియదు. వాడు ఇప్పుడెక్కడున్నాడో, మళ్ళీ ఎప్పుడైనా అలా రాశాడో లేదో. నా పక్కన కూర్చున్నాయన ‘ఆలోచించకండి సార్, కట్ట అవదు’ అన్నారు. ఆయన మాటా నిజమే.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. 100 మార్కుల పేపరులో ఒక్క 10 మార్కులు. మిగతా 90 మీరు ఇప్పుడు ఎలా ఇస్తున్నారో అలాగే ఇవ్వండి. కూలి పనికి వెళ్ళొచ్చి రాత్రి పూట చదువుకునే పిల్లకి, చదువు మానేసి మళ్ళీ వచ్చిన పిల్లాడికి ఆ చిట్కాలే తెప్ప. దాన్ని లాగేయమని నేను చచ్చినా అడగను. ఆ 10 మార్కులకు మాత్రం, పుస్తకంలో లేని ఒక పద్యమో ఒక కథలోని నాలుగు వాక్యాలో ఇచ్చి, ఫలానా మాట ఇక్కడ ఏం పని చేస్తోంది అని అడగండి. అలంకారం పేరు మీరే చెప్పేయండి, దాచకండి. ఇది రూపకం, దీన్ని ఉపమగా మారిస్తే ఏం పోతుందో రాయండి అనండి. ‘ఎండ నిప్పులు చెరుగుతోంది’ అన్న మాట ఇచ్చి, చెరగడం తెలిసిన పిల్లని చేట గుర్తుచేసుకోనివ్వండి. పద్యపాదం ఒక్కటే తుంచి ఇవ్వకుండా పద్యం మొత్తం ఇచ్చి, ఏ రెండు మాటల్ని చెవి ముడివేస్తోందో, ఎందుకో అడగండి. కథ ముగింపు ఇచ్చి మొదలు వాక్యం ఎందుకలా ఉందో అడగండి.

సొంతంగా రాస్తే దిద్దేదెలా అంటారు. ఏటా దాదాపు 6 లక్షల మంది రాసే పరీక్ష, నాకు తెలుసు. కీలో ఒక్క జవాబు బదులు, ‘ఇచ్చిన వాక్యంలోంచి కనీసం ఒక మాటను చూపించి కారణం చెబితే పూర్తి మార్కులు, అభిప్రాయం ఏదైనా సరే’ అని ఒక్క వాక్యం రాయండి. మాకు అది చాలు. మేం అంత మొద్దులం కాము. పిల్లాడు రాసింది చదివినట్టుందా, చదవనట్టుందా అన్నది తెలుగు మాస్టారికి రెండో పంక్తిలోనే తెలుస్తుంది. తెలిసినా వేయడానికి అధికారం లేకపోవడమే మా బాధ. ఇంకొకటి: మార్పు చేస్తే ఒక ఏడాది ముందు చెప్పండి, రెండు నమూనా పత్రాలు పంపండి. జనవరిలో పిడుగు వేయకండి.

దీని వల్ల ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. గైడ్లవాళ్ళు మూడు నెలల్లో ‘మాట చేసే పని: 50 మోడల్ జవాబులు’ వేస్తారు. మేమూ ఏదో చిట్కా కనిపెడతాం. కనిపెట్టనివ్వండి. పుస్తకంలో లేని వాక్యం ఏటా మారుతుంది కాబట్టి, ఆ చిట్కా నేర్పడానికైనా మేం పిల్లల చేత కొత్త కథలు చదివించాల్సి వస్తుంది. దొంగదారి అయినా గ్రంథాలయం మీంచి వెళుతుంది.

ఆ మాట వచ్చింది గనక చెబుతాను. కొన్నేళ్ళ కింద కొంతమంది పిల్లల్ని శ్రీకాకుళంలో కథానిలయానికి తీసుకెళ్ళాను. కాళీపట్నం రామారావు మాస్టారు, ఆయనా బడిపంతులే, 1997లో తెలుగు కథల కోసమే కట్టించిన ఇల్లు. అరలు, అరల నిండా పత్రికలు, సంపుటాలు, పాత కాగితం వాసన. పిల్లలు కాసేపు మాట్లాడకుండా తిరిగారు. తిరుగు ప్రయాణంలో, తరగతి మొత్తంలో నేను ఎక్కువ ఆశ పెట్టుకున్న కుర్రాడు నా సీటు పక్కకి వచ్చి నిలబడి, ఎంతో గౌరవంగా అడిగాడు: ‘మాస్టారూ, అన్ని కథల్లో పరీక్షకి వచ్చేవి ఏవండీ?’

వాడిని ఏమనగలను? వాడు తెలివైనవాడు, అందుకే అడిగాడు.

ఈ ఉత్తరం రాస్తున్నది సంక్రాంతి వెళ్ళిన రెండో వారంలో. రేపు పొద్దున్న పట్టికలో మళ్ళీ కర్తరి, కర్మణి వాక్యాలు ఉన్నాయి. ‘తలుపు తెరవబడలేదు’ గురించి నాకు పాఠం చెప్పిన పిల్ల ఈ మార్చిలోనే మీ పేపరు రాస్తుంది. నిన్న స్టడీ అవర్ అయ్యాక సంచి సర్దుకుంటూ నా దగ్గర ఆగింది. ‘పరీక్షలో కర్మణి వాక్యం వస్తే, ఎందుకు అలా మార్చారో కూడా రాయొచ్చా మాస్టారూ?’ అని అడిగింది.

‘వద్దమ్మా, మార్చి రాసెయ్’ అన్నాను.

ఇట్లు,
ఒక తెలుగు మాస్టారు